ఊరి కొలిమి నుంచి గద్వాల మగ్గం దాకా: వెనకటి వృత్తిపనివాళ్ల చరిత్ర రాబట్టడం ఎలా

కమ్మరి తన లెక్క తాను రాసుకోలేదు. ఆయనకు కల్లం మీద గింజలు కొలిచిన ఆసామి రాసుకున్నాడు. ఇనాం భూమిని దప్తరంలోకి ఎక్కించిన పట్వారీ రాసుకున్నాడు. నూలు అప్పిచ్చిన షావుకారు, పంచెలు నేయించిన సంస్థానం, ఉద్దాలు (దేవుడి చెప్పులు) కుట్టించిన గుడి రాసుకున్నాయి. అందుకే నల్గొండ, పాలమూరు ఊళ్లలో ఒక పనివాడి జీవితం వెతికేవాళ్లు ‘కమ్మరి’, ‘సాలె’ అన్న మాట పట్టుకుని రికార్డుల్లోకి దిగితే వట్టి చేతులతో బయటికొస్తారు. ఆయన పనికి ఎవరు ఇచ్చారు, ఏమిచ్చారు, ఏ రూపంలో ఇచ్చారు అన్నది పట్టుకోవాలి. గింజలిస్తే ఒక దారి, భూమి ఇస్తే ఒక దారి, నూలూ కూలీ ఇస్తే ఇంకో దారి. ఈ కింద చెప్పేదంతా ఆ మూడు దారుల గురించే.

1. ఒక ఇల్లు, ఒక పని, మూడు తరాలు

చాలామంది మొదట్లోనే తప్పటడుగు వేస్తారు. ‘మా మండలంలో చేనేత’ అని మొదలుపెడితే ఆర్నెల్లకు చేతిలో నాలుగు పేపర్ కటింగులు తప్ప ఏమీ మిగలవు. ఒక ఇంటిని, ఒక పనిని, మూడు తరాలను పెట్టుకోండి. నోటుబుక్కు మొదటి పేజీలో ఇంటిపేరు, గోత్రం, తెలిసిన పేర్లు, బొడ్రాయికి ఏ దిక్కున ఇల్లుండేదో రాయండి. ఆ ఇంటి ఆడపిల్లలను ఏ ఊళ్లకు ఇచ్చారో, కోడళ్లను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో కూడా రాయండి. కొడుకులు పని మానేసి పట్నం పోయినా, ఫొటోలు, ఇత్తడి సామాను, పాత చీరలు ఆడపిల్లల ఇళ్లలోనే మిగిలి ఉంటాయి.

ఇంటిపేర్లలోనే కొంత చరిత్ర ఉంది. తెలంగాణలో విశ్వబ్రాహ్మణుల ఇంటిపేర్లు చాలావరకు ‘ఓజు’తో ముగుస్తాయి. శాసనాల్లో శిల్పుల, కంసాలుల పేర్ల చివర వచ్చే ‘ఓజ’ ఇదే. ఇంటిపేరు ఒక ఊరి పేరైతే ఆ ఇల్లు అక్కడి నుంచి వలస వచ్చి ఉండవచ్చు, అక్కడ కూడా ఒకసారి అడగాలి. అయితే ఇంటిపేరు కలిసిందని రెండు కుటుంబాలను ఒక్కటి చేసేయకండి. గోత్రం, దేవుడు, తద్దినాల్లో చెప్పే పేర్లు, ఈ మూడింటిలో రెండైనా కలవాలి.

2. ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉందో, ఎవరి కింద ఉందో

ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల నెలలు వృథా అవుతాయి. ఇప్పటి జిల్లాలు 2016 అక్టోబర్ 11న వచ్చాయి. నారాయణపేట ఇంకా ఆలస్యంగా 2019లో వచ్చింది. పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా వాటి పాత కాగితాలన్నీ నల్గొండ పేరు మీదే ఉంటాయి. మండలాలు వచ్చింది 1985లో, అంతకు ముందువన్నీ తాలూకా పేరుతో వెతకాలి.

గద్వాల, ఆలంపూర్ 1956 దాకా రాయచూర్ జిల్లాలో ఉన్నాయి, కొడంగల్ గుల్బర్గాలో ఉంది. గద్వాల నేతగాళ్ల గురించి నిజాం కాలపు జిల్లా లెక్కలు కావాలంటే మహబూబ్‌నగర్ సంపుటాలు తిరగేసి లాభం లేదు, రాయచూర్‌వి తీయాలి. మునగాల పరగణా మరీ విచిత్రం. చుట్టూ నల్గొండ, మధ్యలో అది మద్రాసు ప్రెసిడెన్సీ కింద కృష్ణా జిల్లా జమీందారీ. చుట్టుపక్కల ఊళ్ల కాగితం ఉర్దూలో ఉంటే మునగాలది ఇంగ్లీషులో, తెలుగులో, అదీ కృష్ణా జిల్లా పేరు మీద ఉంటుంది.

జిల్లా తేలాక, ఊరు ఎవరి చేతిలో ఉందో చూడాలి. దివానీ గ్రామమా (నేరుగా నిజాం సర్కారుది), జాగీరా (సర్కారు ఒకరికి రాసిచ్చింది), సర్ఫేఖాసా (నిజాం సొంత ఆస్తి), సంస్థానమా (స్థానిక రాజుది)? గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలకు సొంత దప్తరాలుండేవి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. జాగీరు ఊరికి అంతకు ముందు సర్కారీ రికార్డు పల్చగా ఉంటే, ఆ ఊళ్లో వృత్తులవాళ్లు లేరని కాదు, వాళ్ల లెక్క జాగీర్దారు కచేరీలో ఉండేదని అర్థం.

నోటుబుక్కులో ఒక వరస గీసి ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, ఎవరి కింద, అని నాలుగు గళ్లు నింపండి. ఊరి పేరుకు పాత రూపాలు కూడా పక్కన రాయండి. భువనగిరి పాత కాగితాల్లో భోంగీర్ అని కనబడుతుంది, మహబూబ్‌నగర్‌కు పాలమూరు అన్న పేరుంది.

3. ఇంట్లో ఉన్నదాన్ని ముందు చూడండి

దసరా నాడు వెళ్లండి. పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఒక్కచోట పేర్చే రోజు అదొక్కటే. మిగతా రోజుల్లో అటక మీదివి అటక మీద, గొడ్ల కొట్టంలోవి గొడ్ల కొట్టంలో ఉంటాయి. పూజ అయ్యేదాకా ముట్టుకోకుండా దూరం నుంచి ఫొటో తీసుకుని, అయ్యాక అడిగి ఒక్కొక్కటి చేతికి తీసుకోవాలి.

ప్రతి పనిముట్టుకూ నాలుగు ఫొటోలు చాలు: నిండుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, పిడి దగ్గరగా ఒకటి, పదును దగ్గరగా ఒకటి. పక్కన 15 సెంటీమీటర్ల స్కేలు ఉండాలి. ఫొటోలో చేయి పెట్టి ‘ఇంత ఉంటుంది’ అనిపిస్తే తర్వాత కొలత రాదు. బాడిస (వడ్రంగి చెక్కే పనిముట్టు) పిడి ఎక్కడ అరిగిందో చూస్తే పట్టింది కుడిచేయో ఎడమచేయో తెలుస్తుంది. ఉలి తల మీద సుత్తె దెబ్బలకు ఇనుము పూలరేకుల్లా విచ్చుకుని ఉంటే ఏళ్ల తరబడి వాడారన్నమాట. ఒకే బాడిసకు ఇనుము తాత కాలంది, పిడి మొన్న వేసింది కావచ్చు. అందుకే ‘ఇది ఎప్పటిది?’ అనకుండా ‘ఇనుము ఎప్పటిది, కట్టె ఎప్పటిది?’ అని విడివిడిగా అడగండి.

ఇత్తడి బిందెలు, గంగాళాలు పెళ్లి సామానుగా ఇచ్చినప్పుడు చుక్కలతో పేర్లు కొట్టించేవాళ్లు. ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ దొరుకుతుంది. చింతపండు పెట్టి తోమమని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి. తోమితోమి అరిగిన అక్షరం ఇంకా అరుగుతుంది. గది చీకటి చేసి, టార్చి లైటును గిన్నె పక్కన దాదాపు తాకేంత వాలుగా పెట్టి చూడండి. నేరుగా వెలుతురు పడితే కనపడని చుక్కలు నీడ పడి లేస్తాయి. గుడి రాతి మీది అక్షరాలకూ ఇదే ఉపాయం. రాత్రిపూట, ఏటవాలు వెలుతురు, నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు. సుద్ద రుద్దడం, నూనె పూయడం, సున్నం కొట్టడం వద్దే వద్దు.

పాత బట్ట దొరికితే ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు. శుభ్రమైన తెల్ల దుప్పటి మీద పరిచి చూడాలి. పట్టు అయితే మడతల దగ్గరే చిట్లుతుంది కాబట్టి కొసలు పట్టి దులపకండి. గట్టి అట్టలో సరిగ్గా ఒక అంగుళం చదరం కిటికీ కోసి బట్ట మీద పెట్టి, లెన్సుతో పడుగు (నిలువు) పోగులు లెక్కపెట్టండి, ఆ తర్వాత పేక (అడ్డ) పోగులు. మూడు చోట్ల లెక్కించి మూడు అంకెలూ రాయండి, అంచు దగ్గర కాదు, బట్ట మధ్య భాగంలో. ఒకచోట 62, ఇంకోచోట 64 వస్తే అది మీ తప్పు కాదు, చేతి నేత అలాగే ఉంటుంది. మూడుచోట్లా అచ్చంగా ఒకే అంకె వస్తే మరమగ్గం ఏమోనని ఒకసారి అనుమానించాలి.

పోచంపల్లి చిటికి (ఇక్కత్) పనా, అచ్చు వేసిందా అన్నది తిరగేసి చూస్తే తెలుస్తుంది. చిటికిలో రంగు నేతకు ముందే పోగులోకి వెళ్తుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉండి, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చు వేసిన బట్టకు వెనకవైపు వెలిసినట్టుంటుంది. పుట్టపాక తేలియా రుమాలు అయితే ముక్కు దగ్గర పెట్టుకోండి. నూలును ఆముదంలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికి తయారుచేస్తారు, ఆ నూనె వాసన ఏళ్ల తర్వాత కూడా పూర్తిగా పోదు. ఎరుపు, నలుపు, తెలుపు, వాటిమధ్య లెక్క కట్టినట్టుండే గళ్లు. గద్వాల చీరను మాత్రం వెనక్కి తిప్పి, ఒంటికీ అంచుకీ మధ్య అతుకు ఎలా పడిందో ఫొటో తీయాలి. నూలు ఒంటికి పట్టు అంచును నేతలోనే పోగుపోగూ మెలేసి కలుపుతారు, సూదితో కాదు.

4. ఉన్న చోటు

మగ్గం పోయినా గుంట పోదు. ఇంట్లో గుంట మగ్గం ఉండిన చోట, పూడ్చిన తర్వాత కూడా మట్టినేల రంగు తేడాగా కనిపించవచ్చు. పైన దూలానికి తాళ్లు కట్టిన గుర్తులుంటాయి. కొలిమి ఉండిన చోట ఇనుప చిట్టెం దొరుకుతుంది, నల్లగా, బుడగలు బుడగలుగా, రాయికంటే బరువుగా. కుమ్మరి వాము (కుండలు కాల్చే బట్టీ) ఉన్న చోట బూడిద మన్ను, వంకర పోయిన పెంకులు. నేల పైన ఉన్నదాన్ని ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ నోట్ చేసుకోండి. తవ్వకండి. తవ్వితే ఏ పొరలో ఏముందో చెదిరిపోతుంది, ఊళ్లో లంకెబిందెల పుకారు పుడుతుంది, రెండోసారి మిమ్మల్ని రానివ్వరు.

5. మాట్లాడించడం

‘మీ జీవితం గురించి చెప్పండి’ అంటే ఎవరూ చెప్పలేరు. వస్తువు చేతికివ్వండి. ‘తాతా, ఈ సుత్తెకు కట్టె ఎవరేసిన్రు?’ అని అడిగితే కట్టె ఏ చెట్టుది, ఏ ఊరి వడ్లాయన (వడ్రంగి) వేసిండు, దానికి ఏమిచ్చిన్రు అన్న దాకా మాట తనంతట తానే నడుస్తుంది. పని ఇంకా వచ్చిన మనిషైతే చేయించి చూడండి. చేతికి గుర్తున్నది నోటికి గుర్తుండదు.

ఏళ్లు అడగొద్దు, గుర్తులు అడగండి. రజాకార్ల లొల్లికి ముందా వెనకా (1948), పోచంపల్లిలో భూదానం అయిన ఏడు (1951), సాగర్ డ్యాం కట్టేటప్పుడు (1955లో శంకుస్థాపన), జై తెలంగాణ మొదటి లొల్లి (1969), ఎమర్జెన్సీ (1975), పటేల్ పట్వారీలు పోయిన ఏడు (1984). ‘అప్పటికి నీకు పెండ్లయిందా? మీ పెద్దోడు పుట్టిండా?’ అని రెండో ప్రశ్న వేస్తే ఏడాది రెండేళ్ల తేడాలోకి వస్తుంది. బడి రిజిస్టర్‌లోని పుట్టిన తేదీ జూన్, జూలై నెలలది అయితే నమ్మకండి. చేర్చిన రోజు చూసి పంతులు వేసిన తేదీ అయ్యుంటుంది.

పని ఎప్పుడు ఆగిందో అడిగే తీరు ఒకటుంది. బావి నుంచి ఎద్దులతో నీళ్లు తోడే మోటనే తీసుకోండి. తోలు బొక్కెన, తొండం మాదిగ కుట్టాలి. గిరక వడ్ల మనిషి చెక్కాలి. దాని ఇరుసు కమ్మరి కొట్టాలి. ఊరికి కరెంటు వచ్చి బావికి మోటరు దిగిన రెండు మూడేళ్లలో ముగ్గురి పనీ ఒక్కసారే తగ్గింది. అందుకే ‘పని ఎందుకు మానేసిన్రు?’ అని ఒక్కరిని అడగడం కంటే ‘మీ బాయికి మోటరు ఎప్పుడొచ్చింది?’ అని రైతును అడిగితే మూడిళ్ల చరిత్రకు ఒకే తారీఖు దొరుకుతుంది. నాగళ్లకు ట్రాక్టరు, కుండలకు స్టీలు, ప్లాస్టిక్కు, ఇవి కూడా అదే తీరు.

ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి అడగండి. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు. పొలం కాగితంలో, సంఘం పుస్తకంలో మగవాళ్ల పేర్లే ఉంటాయి, కానీ కండెలు చుట్టడం, ఆసు పోయడం, గంజి పెట్టడం చాలామటుకు ఆడవాళ్ల చేతుల మీదుగానే జరిగేది. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ వేలసార్లు చేయి తిప్పడం. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం కోసం ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు, 1999లో అది పనిచేసింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు తరాల ఆడవాళ్ల ఆ పని ఏ రిజిస్టర్‌లోనూ లేదు. రోజుకు ఎన్ని ఆసులు, ఎవరు నేర్పారు, కాన్పు అయిన ఎన్ని రోజులకు మళ్లీ కూర్చున్నారు అని అడిగి రాసుకుంటేనే ఉంటుంది.

రికార్డింగ్ మొదట్లోనే పేరు, ఊరు, తేదీ, ‘రికార్డు చేసుకుంటున్నాం, ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడొద్దు’ అన్న మాట వాళ్ల గొంతులోనే ఉండాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మగ్గం ఆడుతుంటే మాట వినపడదు, కాబట్టి పని చేస్తున్నప్పుడు వీడియో, ఆపాక మాట. గంట దాటితే పెద్దవాళ్లు అలసిపోయి ‘అంతే, అంతే’ అనడం మొదలుపెడతారు, అక్కడితో ఆపి ఇంకో రోజు రావాలి.

6. భూమి కాగితాలు

మొదటి భేటీలోనే పహాణీ (ఏ పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే లెక్క), సర్వే నంబరు అన్నారంటే ఇల్లంతా మూగబోతుంది. ఎవరో భూమి మీద కేసు వేయడానికి వచ్చారనుకుంటారు, అందులో తప్పేమీ లేదు. మూడో నాలుగో భేటీ తర్వాత, వాళ్లు చెప్పిన పేర్లు మీ దగ్గర ఉన్నాకే ఈ దారి పట్టండి. ఆ కాగితాల్లో కనిపించిన భూమి సంగతి బయట ఎక్కడా రాయకండి, వాళ్లకు మాత్రం చూపండి.

మన వైపు మొదట అడగాల్సింది 1954-55 ఖాస్రా పహాణీ. అందులో పట్టాదారు పేరు ఒక గడిలో, అసలు సాగు చేస్తున్నవాడి పేరు ఇంకో గడిలో ఉంటాయి. వృత్తిపనివాడు చాలాసార్లు రెండో దాంట్లో దొరుకుతాడు. ఇనాం అయితే ఆ మాట రాసి ఉంటుంది. ఊరికి చేసే సేవకు ఇచ్చిన భూములను బలుతా, నీరడి, సేత్‌సింధి ఇనాంలు అనేవాళ్లు. 1955 ఇనాంల రద్దు చట్టంలో కూడా ఈ పేర్లున్నాయి. ఇనాం భూమి మీద ఎప్పుడైనా దరఖాస్తు నడిచి ఉంటే ఆర్డీవో ఆఫీసు ఫైలు అడగండి. ‘మా తాత ఊరికి నాగళ్లు చేసేవాడు, అందుకే ఈ భూమి’ అన్న వాంగ్మూలం లాంటిది ఉంటే అలాంటి ఫైళ్లలోనే ఉంటుంది. ఇంకా వెనక్కి పోవాలంటే సేత్వార్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టర్) చూడాలి.

పొరపాటు జరిగేది ఇక్కడ: కొలిమి, మగ్గం, ఇల్లు ఉండేది గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల స్థలంలో). దానికి పహాణీలో మనిషి పేరుతో నమోదు ఉండదు. పొలం లేని నేతగాడి ఇల్లు వెతకాలంటే గ్రామ పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టర్ చూడాలి.

తహసీల్ ఆఫీసులో నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. ‘మా ఊరి కమ్మరుల వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే ‘అటువంటి సమాచారం లేదు’ అని తిరిగొస్తుంది. ఏ రికార్డు, ఏ సంవత్సరం, ఏ సర్వే నంబరు అని రాసి నకలు అడగాలి.

తేదీలు ఫస్లీలో (నిజాం సర్కారు రెవెన్యూ సంవత్సరంలో) ఉంటాయి. ఇంగ్లీషు ఏడాది కోసం 590 కలపండి. నిజాం ఫస్లీ సంవత్సరం అక్టోబర్‌లో, ఆజూర్ నెలతో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి మిగతా నెలలకు 591. అంటే 1340 ఫస్లీ అన్నది 1930-31. హిజ్రీ తేదీ వస్తే ఈ లెక్క పనికిరాదు, అది చాంద్రమానం. డబ్బు విషయంలో హాలి రూపాయి (నిజాంది), కల్దారు రూపాయి (బ్రిటిష్‌వాళ్లది) వేర్వేరు. 7 హాలి అంటే 6 కల్దారు. ఏ రూపాయో చూడకుండా చీర కూలీని పక్క జిల్లాతో పోల్చితే లెక్క తప్పుతుంది. తూకాల్లో తులం సుమారు 11.66 గ్రాములు, సేరుకు 80 తులాలు. గింజల కొలతలు మాత్రం ఊరూరికీ మారతాయి. ‘మీ ఊళ్లో కుంచానికి ఎన్ని మానికలు?’ అని ముసలి రైతును అడిగి అదే రాసుకోండి, పుస్తకంలో చూసి వేయకండి.

ఉర్దూ కాగితాలు ఘసీటుగా, గొలుసుకట్టుగా, నుక్తాలు (అక్షరాల చుక్కలు) వదిలేసి రాసి ఉంటాయి. బడిలో ఉర్దూ చదివినవాళ్లందరూ చదవలేరు. పాత పట్వారీ కాగితాలు చదివిన అనుభవం ఉన్న విశ్రాంత ఉద్యోగి ఎవరైనా మండల కేంద్రంలో ఉంటారు, ఆయన దగ్గర చదివించుకుని, పేర్లు మాత్రం ఇంకొకరితో కూడా చదివించండి. రామయ్య, రామి, రామన్న ఉర్దూలో ఇంచుమించు ఒకేలా కనబడగలవు.

నల్గొండ ఊళ్లలో 1946-51 మధ్య కాగితం లేకపోతే తొందరపడి ఏ తీర్మానానికీ రావద్దు. సాయుధ పోరాటంలో దొరల గడీల్లోని అప్పు పత్రాలు, లెక్కలు చాలాచోట్ల తగలబెట్టారు.

7. సంస్థానం, గుడి, జాతర

గద్వాల మగ్గాల మీద తిరుమల వెంకన్న బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు నేస్తారు. 41 రోజులు నిష్ఠతో నేసి సంస్థానం తరఫున పంపే ఆనవాయితీ అది. నేసేవాళ్లు ఎవరు, ఏ ఇళ్ల నుంచి, ఏ నియమంతో అన్నది అడగడం మొదలుపెడితే చీరల వ్యాపారంలో దొరకని వంశాలు బయటపడతాయి. కురుమూర్తి జాతరలో దేవుడి ఉద్దాలు వడ్డెమాన్‌లో చర్మకారులు ఉపవాసం ఉండి కుట్టినవి, పట్టువస్త్రాలు అమరచింత నేతగాళ్లవి. కార్తీకంలో అక్కడికి వెళ్లి ఏ పని ఏ ఇంటి హక్కో, ఆ హక్కు చేతులు మారినప్పుడు తగవు ఎవరు తీర్చారో అడగండి. తగవు జరిగి ఉంటే కాగితం పుట్టి ఉంటుంది. అంతా సవ్యంగా సాగిన ఇంటి గురించి రాత దొరకదు.

సంస్థానాల, నిజాం సర్కారు కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. దఫ్తర్-ఎ-దివానీగా మొదలైన సంస్థ అది, దక్కన్ మొఘల్ కాలపు కాగితాల దాకా అక్కడున్నాయి. పరిచయ లేఖ, గుర్తింపు కార్డు పట్టుకుపోండి. తాలూకా, ఫస్లీ ఏడాది, శాఖ రాసుకోకుండా పోతే ఆ రోజు వృథా.

8. పటం వేసేవాళ్లు

దీన్ని చాలామంది వదిలేస్తారు. వృత్తి కులాలకు, చాలామటుకు బొమ్మల పటం పరిచి, పురాణం చెప్పి వాళ్ల మీదే ఆధారపడే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలులకు కూనపులివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఏ ఊళ్లు ఎవరి మిరాశీ (వంశపారంపర్య హక్కు) అన్నది వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది. ఆ ఊళ్లో ఎన్ని గడపలు, ఏ గోత్రాలు, ఎవరు వలస పోయారు అన్నది వాళ్లకు నోటికి తెలుసు, ఎందుకంటే ఒక్క గడప తగ్గినా వాళ్ల వాటా తగ్గుతుంది. పురాణం చెప్పే వంశావళిని చరిత్ర అనుకోకండి. ఇటీవలి నాలుగైదు తరాల గడపల లెక్కను మాత్రం పహాణీతో పోల్చి చూడండి. చెప్పినందుకు సంభావన ఇవ్వాలి. ఎంతన్నది ముందే మాట్లాడుకోండి.

9. సంఘం, వలస, ముంపు

చేనేత సహకార సంఘాల్లో సభ్యుల వాటా రిజిస్టర్, నూలు పంపిణీ పుస్తకం, తీర్మానాల పుస్తకం ఉంటాయి. నూలు పుస్తకం అన్నిటికంటే విలువైంది, ఎవరు ఏ నెలలో ఎంత నేశారో దాన్నిబట్టి కట్టవచ్చు. ఒక సంగతి మరవొద్దు: పడుగు అంటే ఒక చీర కాదు. నారాయణపేటలో ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు దిగుతాయి. ‘నెలకు రెండు పడుగులు’ అన్నదాన్ని రెండు చీరలనుకుంటే ఆ ఇంటిని లేనిపోని బీదరికంలోకి నెట్టినట్టే.

1881 నుంచి హైదరాబాద్ రాజ్యంలో జనగణన జరిగింది. వృత్తులు, కులాల లెక్కలు ఉంటాయి, మనుషుల పేర్లుండవు. తాలూకాలో ఎంతమంది అన్నది చెప్పడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. 1961 జనగణనప్పుడు ఎంపిక చేసిన ఊళ్ల మీద, చేతివృత్తుల మీద విడిగా చేసిన సర్వేలు మాత్రం వేరే రకం. పనిముట్ల బొమ్మలు, కూలి రేట్లు కూడా వాటిలో కనిపిస్తాయి. మీ ఊరో పక్క ఊరో అందులో ఉందేమో తప్పక చూడండి.

ఇల్లు తాళం వేసి ఉంటే సోలాపూర్, భీవండి, సూరత్ అడగండి. మన నేతగాళ్లు పోయి స్థిరపడిన చోట్లు అవి. కృష్ణ ఒడ్డు ఊళ్లయితే సాగర్, శ్రీశైలం ముంపులో పోయి ఉండవచ్చు. అప్పుడు భూసేకరణ అవార్డు (పరిహారం ఉత్తర్వు) వెతకాలి. పరిహారం కోసం ఇల్లు, కొట్టం, బావి, చెట్టు విడివిడిగా లెక్కకట్టి యజమాని పేరు రాసేవాళ్లు. మునిగిన ఊరికి ఇంతకంటే వివరమైన చిత్రం దొరకడం కష్టం.

10. కలిపి చూడడం, తిరిగి ఇవ్వడం

ఒక్కో మనిషికి ఒక్కో పేజీ పెట్టి, ప్రతి వాక్యం పక్కన అది నోటిమాటా, కాగితమా, వస్తువా అని ఒక అక్షరం వేయండి: నో, కా, వ. రెండు పొంతన కుదరకపోతే ఒకదాన్ని కొట్టేయకండి, రెండూ రాయండి. ‘మాకు భూమి లేకుండె’ అని ఇంట్లోవాళ్లంటారు, ఖాస్రాలో రెండెకరాల ఇనాం కనబడుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కాగితం మీది భూమిని వేరే ఎవరో దున్నుకుని ఉంటారు, కబ్జా (సాగు చేసేవాడి) గడి చూస్తే పేరు దొరుకుతుంది.

పాత కాగితాల్లో కులాల పేర్లు తిట్టు మాటల్లా రాసి ఉంటాయి. మీ నోటుబుక్కులో ఉన్నదున్నట్టు ఎక్కించండి, మీరు రాసే వ్యాసంలో మాత్రం ఆ కులంవాళ్లు తమను తాము పిలుచుకునే మాటే వాడండి. డిజైన్ల ఫొటోలు, ముఖ్యంగా ఇంకా మగ్గం మీద ఉన్నవి, అడగకుండా ఎక్కడా పెట్టకండి. వారంలో మరమగ్గం మీద దిగుతాయి.

పని అయ్యాక ఆ ఇంటికి ఒక ప్రతి ఇవ్వాలి. పెన్ డ్రైవ్ ఇస్తే ఎవరూ తెరవరు. పెద్దక్షరాల్లో, ఇరవై పేజీల లోపు, ఫొటోలతో ప్రింటు తీసి ఇవ్వండి, తప్పులు వాళ్లే దిద్దుతారు. ఆ ప్రింటుకు లామినేషన్ చేయించినా పర్వాలేదు. అసలు కాగితానికి మాత్రం ఎవరెంత చెప్పినా చేయించకండి, వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. ఇంట్లోనే, పిన్నులు తీసేసి, గట్టి అట్టల మధ్య, చెమ్మ తగలని పెట్టెలో పెట్టించండి.